నలభై మూడేళ్లకు బాసూన్: ఏ పాఠం ఎంచుకోవాలి?

(ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గర తెలుగువాళ్లు నెలకోసారి కలుసుకునే చోట ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనకాల ఇంకా కుర్చీలున్నాయి, కూర్చోండి. ముందు ఈ పెట్టె తెరుస్తాను. దీన్ని బిగించడానికి రెండు నిమిషాలు పడుతుంది, ఈలోపు రీడ్ నీళ్లలో నానాలి. ఇదిగో, ఈ చిన్న గ్లాసులో వేస్తున్నాను.

దీని పేరు బాసూన్. మన పిల్లలు బడిలో ఫాగోట్ అనే మాట విని ఉంటారు, అదీ ఇదే. ఆ మాట ఇటలీ నుంచి వచ్చింది. అక్కడ ఫగొట్టో అంటే మోపు. ముక్కలన్నీ ఇలా విడివిడిగా ఉన్నప్పుడు చూస్తే కట్టెల మోపే గుర్తొస్తుంది. చెక్క మేపుల్. లోపలి గొట్టం 8 అడుగుల పైనే. అడుగున ఈ బూట్ అనే ముక్కలో మలుపు తిరిగి మళ్లీ పైకి వస్తుంది కాబట్టి, నిలబెడితే 4 అడుగుల పైచిలుకే కనిపిస్తుంది. బరువు 3 కిలోల పైన. అందుకే ఈ పట్టీని కుర్చీ మీద పరిచి దాని మీద కూర్చుంటాను, బరువంతా పట్టీ మోస్తుంది.

ఇది రీడ్. వెదురులా గుల్లగా పెరిగే ఒక జాతి గడ్డిని చెక్కి, రెండు బద్దలు ఎదురెదురుగా కడతారు. ఊదితే రెండూ ఒకదానికొకటి కొట్టుకుని మోగుతాయి. మన సన్నాయి మోగేదీ ఈ కిటుకుతోనే. నేను ఒంగోలు వైపు పుట్టి పెరిగినదాన్ని. నాదస్వర విద్వాంసులు షేక్ చినమౌలానాగారు పుట్టిన కరవది మా ఊళ్లకు దగ్గరే. పెళ్లి పందిట్లో పొద్దున్నే సన్నాయి మోగితే నిద్ర లేచిన చెవులివి. ఇక్కడికొచ్చాక మా అమ్మాయిని తీసుకుని ఒక కచేరీకి వెళ్లాను. ప్రోకోఫియెవ్ 1936లో పిల్లల కోసం రాసిన సంగీత కథ, పీటర్, తోడేలు కథ. అందులో తాతగారికి ఇచ్చిన వాద్యం బాసూన్. ఆ తాత గొంతు వినగానే, సన్నాయికి వయసు మీరి గొంతు కిందికి దిగితే ఇలాగే ఉంటుందేమో అనిపించింది. అప్పుడు నాకు 43. ఆ వారమే ఒకటి అద్దెకు తెచ్చుకున్నాను. ఇది ఆరో ఏడు.

నన్ను ఈ రోజు మాట్లాడమన్నది ఒక్క విషయం గురించే. పెద్దయ్యాక వాద్యం మొదలుపెట్టినవాళ్లు రోజూ సాధన చేసే పాఠాలను ఎలా ఎంచుకోవాలి? ఫ్లూటో, క్లారినెట్టో, వయొలినో నేర్చుకుంటున్నవాళ్లు మీలో నలుగురైదుగురు ఉన్నారు. నాకు తెలిసింది బాసూన్ కాబట్టి దాని మీదే చెబుతాను. మీ వాద్యానికి ఎక్కడ పొసగుతుందో మీరే చూసుకోండి.

మొదటి మూడు నెలల్లో నేను దాదాపు మానేశాను. నేను వెళ్లిన చోట నా చేతికొక పుస్తకమిచ్చి, మొదటి పేజీ నుంచి వరసగా రమ్మన్నారు. ఒక పేజీ నిండా పొడుగు స్వరాలు. తర్వాతి పేజీ నిండా అవే స్వరాలు జంటలుగా. ఆ తర్వాత నాలుగేసి. ఆ పుస్తకంలో తప్పేం లేదు. కానీ నేను ఆఫీసు నుంచి వచ్చి, వంట చేసి, పిల్ల హోంవర్కు చూసి, రాత్రి ఎనిమిదింటికి ఈ పెట్టె తెరిచేదాన్ని. తొమ్మిది దాటితే పక్కింటివాళ్లకు ఇబ్బంది. కొత్తలో పెదవి 20 నిమిషాలకు మించి నిలవదు. పళ్ల మీదుగా పెదవులు కప్పి రీడ్ చుట్టూ బిగించి పట్టాలి కదా, బుగ్గల్లో కండరాలు వణకడం మొదలవుతుంది. అంటే రోజుకు నాకున్నది 20 నిమిషాలు. ఆ 20 నిమిషాల్లో ఒక్క పాటైనా నా చెవిన పడకపోతే, మర్నాడు పెట్టె తెరవాలనే కోరిక ఎక్కడి నుంచి వస్తుంది? ఒక రోజు తెరవలేదు. తర్వాత నాలుగు రోజులు తెరవలేదు.

చిన్నపిల్లల సంగతి వేరు. ఎనిమిదేళ్ల పిల్లకు చెవీ, వేళ్లూ ఒకే ఈడువి, రెండూ కలిసి పెరుగుతాయి. నాలుగు స్వరాలు వాయిస్తే ఆ నాలుగూ దానికి కొత్తే, దాని సంబరం అందులోనే ఉంటుంది. మనకు అలా కాదు. మన చెవి నలభై ఏళ్లుగా మంచి సంగీతం వింటోంది. ఘంటసాల పాటలు విన్నది, బాలమురళిగారిని విన్నది. వేళ్లేమో నిన్న పుట్టాయి. ఈ రెంటికీ మధ్య ఉన్న దూరమే పెద్దవాళ్లు వాద్యం మానేయడానికి పెద్ద కారణమని నా నమ్మకం. తీరిక లేకపోవడం దాని తర్వాతే. ఆ దూరాన్ని ఒక్కసారిగా తగ్గించలేం. కానీ నిన్న పుట్టిన వేళ్లతో వాయించినా, నలభై ఏళ్ల చెవి కాసేపు కూర్చుని వినగలిగే పాఠాలున్నాయి. వాటిని వెతికి పట్టుకోవడం ఒక పని. గురువు మీదే వదిలేయకుండా ఆ పనిలో మనమూ చెయ్యి వెయ్యాలి.

బాసూన్ పాఠాలు ఎక్కడి నుంచి వచ్చాయో కాస్త చెబుతాను. అది తెలిశాక పుస్తకాల మీద నాకున్న కోపం పోయింది. పారిస్‌లో 1795లో కన్సర్వత్వార్ అనే సంగీత కళాశాల పెట్టినప్పుడు అక్కడ బాసూన్ నేర్పిన తొలి తరం గురువుల్లో ఎతియెన్ ఓజీ ఒకరు. ఆయన బోధనా గ్రంథం 1803లో వచ్చింది. తర్వాత లైప్‌జిగ్‌లో జూలియస్ వైసెన్‌బోర్న్. గెవాండ్‌హౌస్ వాద్యబృందంలో బాసూన్ వాయిస్తూ అక్కడి సంగీత కళాశాలలో నేర్పేవారు. ఆయన 1888లో పోయారు. అంతకు ఏడాది ముందు, 1887లో, ఆయన రాసిన బాసూన్ పాఠశాల అచ్చయింది. ఈ నాటికీ ప్రపంచంలో చాలామంది చేతికి మొదట వచ్చేది అదే. ఇవన్నీ ఎవరి కోసం రాశారు? పద్నాలుగు పదిహేనేళ్ల కుర్రాళ్ల కోసం. ఇరవై ఏళ్లు నిండేసరికి ఏదో ఒక ఒపేరా హాల్లో జీతానికి కుదరాల్సినవాళ్ల కోసం. రోజుకు నాలుగైదు గంటలు సాధన చేయగలిగినవాళ్ల కోసం. ఆ వరస వాళ్లకు సరిగ్గా సరిపోతుంది. నా 20 నిమిషాలకు వరస వేరుగా ఉండాలి, అంతే.

పుస్తకం పక్కన పెట్టమని నేననడం లేదు. వైసెన్‌బోర్న్ పాఠశాల తెరిచి చూడండి. మొదట్లోనే చిన్న చిన్న పాఠాలకు కింద ఇంకో వరస రాసి ఉంటుంది. గురువు వాయించాల్సిన రెండో బాసూన్ అది. నేను నాలుగే నాలుగు స్వరాలు నెమ్మదిగా ఊదుతుంటే, కింద గురువుగారి బాసూన్ నడుస్తుంటుంది. ఆ నాలుగు స్వరాలూ అప్పుడు పాటయిపోతాయి. 130 ఏళ్ల కిందటే ఆయనకు ఆ సంగతి తెలుసు! మొదట వెళ్లిన చోట మాత్రం ఆ రెండో వరస ఎవరూ వాయించలేదు, ఒక్కదాన్నే ఊదుకున్నాను. రెండో గురువు దగ్గర మొదటి రోజే ఆవిడ కూడా వాయించింది. ఆ రోజు ఇంటికొచ్చి ఫోన్‌లో మా ఆయన చేత రికార్డు మొదలుపెట్టించి, కింది వరస నేనే నెమ్మదిగా వాయించి పెట్టుకున్నాను. మొదట్లో అది కూడా తప్పుల తడకే. అయినా దాని మీద పై వరస వాయిస్తే ఇద్దరు ఉన్నట్టుండేది. ఒంటరిగా సాధన చేసేవాళ్లు ఇది తప్పకుండా చేసి చూడండి.

ఇక ఎంచుకోవడం. పాఠం చేతికి రాగానే వాద్యం ముట్టుకోకుండా నేను చేసే మొదటి పని పాడుకోవడం. సరిగమలుగానైనా సరే, తననా అనైనా సరే. రెండుసార్లు పాడాక, మూడోసారి గిన్నెలు కడుగుతూ దానంతటదే నోట్లోకి వస్తే ఆ పాఠం నాది. రాకపోతే, అది ఎంత గొప్పవాళ్లు రాసిందైనా ఈ వారానికి నాది కాదు. పాడలేనిదాన్ని వాయిస్తే వేళ్ల లెక్క మాత్రమే జరుగుతుంది. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో కూడా పాడినప్పుడే తెలుస్తుంది.

రెండోది, అందులో ముల్లు ఒక్కటే ఉండాలి. ఈ మాట మా గురువుగారిది కాదు, నాదే. ముల్లు అంటే నాకింకా రాని పని. ఒక పాఠంలో కొత్త స్వరమూ ఉండి, కొత్త లయా ఉండి, దూకుళ్లూ ఉంటే మూడు ముళ్లు. నాలాంటివాళ్లకు దేని వల్ల తప్పు పోతోందో తెలియదు. ఒకే ముల్లు ఉంటే, వారంలో అది ఊడుతుంది. అసలు ముల్లే లేకపోతే వినడానికి బాగుంటుంది కానీ, నెల తర్వాత కూడా ఉన్నచోటే ఉంటాం.

బాసూన్‌లో మొదటి ఏడాది పెద్ద ముల్లు ఏమిటో చూపిస్తాను. ఇది బాసూన్ వాయించనివాళ్లకూ చెప్పాలని ఉంది, చాలా అందమైన చిక్కు ఇది. రీడ్ నానింది.

(వాయించి చూపించారు)

ఇది సి అనే స్వరం. ఎడమచేతి మూడు వేళ్లు మూసి ఉన్నాయి. ఒక వేలు తీస్తే డి. ఇంకోటి తీస్తే ఈ. అన్నీ తీస్తే ఎఫ్. వేళ్లన్నీ గాల్లో ఉన్నాయి, చూశారా? ఎడమ బొటనవేలు మాత్రం వెనకాల ఈ మీట మీద ఉంటుంది. దీన్ని విస్పర్ కీ అంటారు, రీడ్ గుచ్చే ఈ వంపు లోహపు గొట్టం, అంటే బోకల్, దాని మీదున్న సన్నటి రంధ్రాన్ని మూస్తుంది. సరే, వేళ్లన్నీ తీసేశాం. ఇప్పుడు పైన ఉన్న జి కావాలి. తీయడానికి వేళ్లు లేవు! అందుకని ఆరు వేళ్లూ ఒకేసారి తిరిగొచ్చి మూయాలి. వాటిలో మొదటి వేలు మాత్రం దాని రంధ్రాన్ని సగమే మూయాలి. పూర్తిగా మూస్తే కింది స్థాయిలో జి మోగుతుంది. సగం తెరిచి ఉంటేనే పై జి. ఎఫ్ నుంచి జి, వినడానికి ఒక్క మెట్టు. వేళ్లకు మాత్రం సున్నా నుంచి ఆరు. అందులో ఒకటి సగం.

(వాయించారు)

మధ్యలో ఆ చిన్న గుటక లాంటి శబ్దం విన్నారా? ఆరేళ్లయినా అప్పుడప్పుడు వస్తుంది. కాబట్టి మొదటి నెలల్లో ఏ పాఠం తీసుకున్నా, అది ఎఫ్ దగ్గరే ఆగుతోందా, పైకి దాటుతోందా అని చూడాలి. దాటకపోతే సంతోషంగా వాయించుకోండి. దాటితే అదే ఆ వారం ముల్లు, ఇంకోటి ఉండకూడదు. కింది వైపు కూడా అంతే. కింది ఎఫ్ వరకూ వేళ్లు వరసగా మూసుకుంటూ పోతాయి, హాయి. దాని కిందికి దిగితే ఎడమ బొటనవేలు ఒక్కటే ఐదారు మీటల మీద పరుగులు తీయాలి. అంటే కింది ఎఫ్ నుంచి పై ఎఫ్ దాకా, ఒక్క స్థాయి, మన ఇల్లు. ఆ ఇంట్లో సరిపోయే పాటలు వెతుక్కోవాలి.

ఇక్కడ నాకు మన గీతాలు గుర్తొచ్చాయి.

నేను చిన్నప్పుడు మూడేళ్లు కర్ణాటక సంగీతం నేర్చుకున్నాను. మీలోనూ చాలామంది నేర్చుకుని ఉంటారు. సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు, ఆ తర్వాత గీతాలు. ఈ వరసను పురందరదాసుగారు పెట్టారని చెబుతారు. గీతం అంటే ఏమిటి? అదీ సాధనే. గమకాలు తక్కువ, ఒక్కో అక్షరానికి ఒక్కో స్వరం, తాళం కచ్చితం. కానీ దానికి మాటలున్నాయి, రాగమంటూ ఒకటుంది, దేవుడున్నాడు. ఏ పిల్లా గీతాన్ని ఎక్సర్‌సైజ్ అనుకోదు. ఇంటికి చుట్టాలొస్తే పాడి వినిపిస్తుంది. బాసూన్ పాఠంలో నేను వెతుకుతున్నది సరిగ్గా ఇదే. చుట్టాలొస్తే వినిపించగలిగే పాఠం.

అయితే గీతాలనే వాయిస్తే? మొదట మనందరికీ మొదట నేర్పే మలహరి గీతం, శ్రీగణనాథ, ప్రయత్నించాను. స ను కింది ఎఫ్ దగ్గర పెట్టాను. కుదరలేదు. మలహరిలో శుద్ధ రిషభం, శుద్ధ ధైవతం. అంటే ఎఫ్ పక్కనే జి ఫ్లాట్ (అర మెట్టు తగ్గిన జి), సి పక్కనే డి ఫ్లాట్. వరసగా మూసుకునే వేళ్లు కాస్తా పక్క మీటల కోసం తడుముకుంటాయి. గొంతుకు తేలిక అని మన పెద్దలు ముందు పెట్టింది బాసూన్‌కు ముళ్లకంప. అది తెలిసినప్పుడు నాకు ఒక సంగతి బాగా అర్థమైంది: తేలిక, కష్టం అనేవి పాటలో ఉండవు, ఆ పాటకూ ఆ వాద్యానికీ మధ్య ఉంటాయి. ఎవరో వేసిన గ్రేడ్ చూసి పాఠం తెచ్చుకుంటే, అది మనకు తేలికవుతుందన్న నమ్మకం లేదు.

తర్వాత మోహన గీతం, వరవీణ, చూశాను. మళ్లీ స కింది ఎఫ్. మోహనకు కావాల్సింది స రి గ ప ద. ఎఫ్, జి, ఏ, సి, డి. ఒక్క ఫ్లాట్ లేదు, షార్ప్ లేదు. వేళ్లు ఎన్ని మూసి ఉంటాయో లెక్కపెట్టి చూడండి. కింది స కు ఆరు వేళ్లతో పాటు కుడి చిటికెన వేలు. రి కి ఆరు. గ కు ఐదు. ప కు మూడు. ద కు రెండు. పై స కు సున్నా. ఇప్పుడు మొదటి వరస పాడుకోండి: గగ, పా పా, దప సా సా. ఐదు, మూడు, రెండు, మూడు, సున్నా. చేతులు మెల్లగా తెరుచుకుంటూ పోతాయి. ఆ తర్వాత ఏముంది? రిస! పై రి. అంటే జి. ఆ సగం రంధ్రం! సా అని రెండుసార్లు నిలబడి, ఊపిరి సర్దుకున్నాక, అప్పుడొస్తుంది ఆ ముల్లు. వెంటనే సా కి దిగి, దదపా అంటూ మళ్లీ ఇంటికి వచ్చేస్తుంది. పైకి ఎక్కి అక్కడే వేలాడదీయదు. బాసూన్ కోసం ఎవరో కూర్చుని రాశారా అనిపించేంత చక్కగా అమరింది. దీన్ని మా గురువుగారికి వినిపించాను. ఆవిడకు తెలుగు రాదు, మోహన రాగం అంతకు ముందు వినలేదు. రెండుసార్లు విని, కాగితం మీద రాసివ్వమని అడిగి తీసుకుంది. మిగతా విద్యార్థులకు ఎఫ్ నుంచి జి కి వెళ్లడం నేర్పడానికి.

ఒక్క హెచ్చరిక. గమకాలు పట్టాలని చూడకండి. నాదస్వరానికి రంధ్రాల మీద వేలు జారుతుంది, బాసూన్‌కు చాలా స్వరాలు మీటల మీద ఉన్నాయి. మీట సగం పలకదు. పెదవితో కొంచెం లాగొచ్చు కానీ మొదటి ఏళ్లలో ఆ అలవాటు శ్రుతిని చెడగొడుతుంది. గీతాన్ని నిటారుగానే వాయించండి. శ్రుతి కోసం ఫోన్‌లో తంబూరా పెట్టుకుంటే చాలా మేలు. ఎఫ్ అంటే మన లెక్కలో నాలుగు శ్రుతి. కాకపోతే జర్మనీలో వాద్యాలను 'ఏ' (A) అనే స్వరం సెకనుకు 442, 443 కంపనాల దగ్గర ఉండేలా కలుపుతారు, తంబూరా యాప్ మామూలుగా 440 మీద ఉంటుంది. ఆ అంకె మార్చుకోండి, లేకపోతే తప్పు మీదే అనుకుని పెదవి బిగిస్తూ కూర్చుంటారు. నేను రెండు నెలలు అలాగే కూర్చున్నాను.

సరే, మళ్లీ ఇక్కడి సంగీతానికి వస్తాను. బాసూన్ పుస్తకాలు అని రాసి ఉన్న అర ఒక్కటే చూడకండి. బాసూన్‌కు సాధారణంగా బేస్ క్లెఫ్‌లో, అంటే కింది స్థాయి స్వరాలకు వాడే గుర్తు పెట్టి, రాస్తారు. విల్లుతో వాయించే చెల్లోకీ, ఊదే ట్రాంబోన్‌కీ అదే. చెల్లో అట్టడుగు తీగ పలికే సి కంటే బాసూన్ ఇంకో మెట్టు కిందికి దిగుతుంది. అంటే చెల్లో మొదటి పుస్తకాల్లోని పాటలన్నీ మన పరిధిలోనివే. చెల్లో నేర్చుకునే పెద్దవాళ్లు మనకంటే చాలా ఎక్కువమంది కాబట్టి ఆ అర నిండుగా ఉంటుంది, వినసొంపైన పాఠాలూ ఎక్కువే. ఒక్కటి గుర్తుంచుకోవాలి. విల్లుకు ఊపిరి అక్కర్లేదు. పెన్సిల్ తీసుకుని ఊపిరి గుర్తులు ముందే మీరు పెట్టుకోవాలి. బాహ్ చెల్లో సూట్లు వాయించాలని అందరికీ ఉంటుంది, నాకూ ఉంది. కానీ మొదటి సూట్‌లో ప్రెల్యూడ్ అనే తొలి భాగంలో దాదాపు చివరి వరకూ ఎక్కడా విరామమే లేదు. అది కొన్నేళ్ల తర్వాతి మాట.

నాకు అన్నిటికంటే ఇష్టమైనవి గొంతు కోసం రాసిన పాఠాలు. మార్కో బోర్డోన్యి అని ఇటలీ గాయకుడు, పారిస్‌లో నేర్పేవారు. గాయకుల సాధన కోసం మాటల్లేని పాటలు రాశారు. బోస్టన్ సింఫనీలో ట్రాంబోన్ వాయించిన జొవానెస్ రొషూ 1928లో వాటిని ట్రాంబోన్ కోసం మూడు సంపుటాలుగా వేశారు. బేస్ క్లెఫ్‌లో ఉన్నాయి కాబట్టి బాసూన్ వాళ్లమూ తెచ్చుకుంటాం. కొంకోనె అనే ఇంకో గాన గురువు రాసిన 50 పాఠాలకూ ఇలాంటి ప్రతులు దొరుకుతాయి. గొంతు కోసం రాసినవి కాబట్టి ఊపిరి తీసుకునే చోట్లు సహజంగా ఉంటాయి. స్వరం నుంచి స్వరానికి తెగకుండా సాగే పాటలు. ఒక పేజీ వాయించి లేస్తే, ఏదో ఒకటి పాడి లేచినట్టే ఉంటుంది. రెండో ఏడాది మొదట్లో నేను బోర్డోన్యి మొదటి పాఠాలు సగం వేగంలో మొదలుపెట్టాను. అక్కడక్కడ టెనర్ క్లెఫ్ (పై స్వరాలకు వాడే ఇంకో గుర్తు) వస్తే భయపడి మూసేయకండి, అది రాని పాఠాన్ని దాటేసి పక్క పాఠానికి వెళ్లండి. దాటేయడం తప్పు కాదు. ఈ మాట నాకు ఎవరూ ముందు చెప్పలేదు.

గాల్యార్డ్ అనే స్వరకర్త సొనాటాల (కొన్ని భాగాలుగా సాగే వాద్య రచనలు) గురించి చెప్పకుండా ఉండలేను. జర్మనీలో పుట్టి లండన్‌లో స్థిరపడ్డ మనిషి. బాసూన్‌కు గానీ చెల్లోకు గానీ అని ఆరు సొనాటాలు 1733లో అచ్చు వేశారు. మొదటిది ఏ మైనర్‌లో, నెమ్మదిగా మొదలవుతుంది. ఆ మొదటి భాగం ఒక్కటే నాకు నాలుగు నెలలు పట్టింది. అయినా ఒక్క రోజు విసుగు రాలేదు. అసలైన కచేరీ సంగీతం, దాదాపు 300 ఏళ్లుగా వాయిస్తున్నది, నా చేతుల్లో మోగుతోంది! ఎప్పుడైనా ఇలాంటిది ఒకటి మీ స్టాండ్ మీద ఉండాలి, రోజుకు రెండు వరసలే వాయించినా సరే. దాని పక్కన ఈ వారం పాఠం. వాటి వెనకాల, ఇదివరకే వచ్చేసినది ఒకటి. రోజూ నేను చివర్లో వాయించేది ఆ వచ్చేసినదే. పెదవి అలిసిపోయినా అది పలుకుతుంది. మంచి శబ్దం చెవిలో ఉండగా పెట్టె మూస్తే, మర్నాడు తెరవడానికి చెయ్యి తనే వెళ్తుంది.

ఎవరో చెయ్యెత్తారు. చెప్పండి అన్నయ్యగారూ.

"ఇష్టమైనవే ఎంచుకుంటూ పోతే రానివి ఎప్పటికీ రాకుండా ఉండిపోవా" అని అడుగుతున్నారు. మంచి ప్రశ్న. నాకూ ఆ భయం ఉండేది. నేను చేసిందేమిటంటే, రాని పని పేరు ఒక కాగితం మీద రాసి గోడకు అంటించాను. ఎఫ్ నుంచి జి. నాలుకతో స్వరాలు విడివిడిగా కొట్టడం. కింది డి, సి. తర్వాత, ఆ పని ఉన్న పాటల కోసం వెతికాను. ప్రతి ముల్లుకూ ఏదో ఒక అందమైన పాట దొరికింది, కొన్నిటికి నెల రోజులు వెతికాను. మిల్డే అని ప్రాగ్‌కు చెందిన ఆయన స్కేళ్ల (వరస స్వరాల) మీద, ఆర్పెజ్జోల (మధ్య మెట్లు దాటేస్తూ ఎక్కి దిగే స్వరాల) మీద 25 పాఠాలు రాశారు. బాసూన్ వాళ్లకు ప్రాణం లాంటివి, చాలా అందమైనవి. కానీ వాటిలో అడుగు అడుగుకూ ముళ్లే. నాలుగో ఏడు దాకా నేను తెరవలేదు. ఇప్పుడు ఒక్కో పాఠానికి రెండు నెలలు తీసుకుంటున్నాను. వాటిని మొదటి ఏడాదే తెరిచి ఉంటే ఈ రోజు మీ ముందు ఈ వాద్యంతో కూర్చుని ఉండేదాన్ని కాదు.

ఇంకెవరైనా? రీడ్ గురించా, అవునమ్మా, మర్చిపోయాను. గట్టి రీడ్ మీద ఏ పాఠమూ బాగుండదు. నేను మొదట తెప్పించుకున్నది చాలా గట్టిది, పాఠమే బాగాలేదని నెలకు మూడు పుస్తకాలు మార్చాను. మెత్తటి రీడ్ తీసుకోండి. ఒక్కటే పెట్టుకోకండి, రెండు మూడు ఉంచుకుని మార్చి మార్చి వాడండి. ఏ రోజైనా పాఠం అసహ్యంగా అనిపిస్తే, పుస్తకం మార్చే ముందు రీడ్ మార్చి చూడండి.

ఇక్కడికి దగ్గర్లోనే, వీస్‌బాడెన్‌లో రైన్ ఒడ్డున బీబ్రిఖ్ ఉంది. 1831లో హెకెల్ కార్ఖానా మొదలైంది అక్కడే. ఈ వాద్యం మీద ఇప్పుడున్న మీటల అమరిక అల్మెన్‌రేడర్ అనే బాసూన్ విద్వాంసుడు, హెకెల్ కలిసి మొదలుపెట్టిన పని నుంచి వచ్చిందే. ఆదివారాల్లో ఆ నది ఒడ్డున నడుస్తూ, ఆ వారం పాఠం నోటితో పాడుకుంటూ ఉంటాను. మీరెవరైనా అటు వస్తే చెప్పండి, కలిసి నడుద్దాం.

ఇంకో ఐదు నిమిషాలుందంటున్నారు. వరవీణ వచ్చినవాళ్లు ఎంతమంది? అబ్బో, చాలామందే ఉన్నారు. నాలుగు శ్రుతి మీకు ఎత్తనిపిస్తే కింది స్థాయిలో పాడండి, మగవాళ్లు మీకు వీలైన చోట పట్టుకోండి. మాటలు గుర్తులేనివాళ్లు స ఒక్కటే నిలబెట్టండి, నాకదే రెండో బాసూన్. ఫోన్‌లో తంబూరా పెట్టాను. నెమ్మదిగా, రూపక తాళం, నా తల చూడండి. పై రి దగ్గర నేను కాస్త ఆగితే మీరూ ఆగండి, వేళ్లు వస్తున్నాయి.

(గగ, పా పా… సభ అంతా కలిసి పాడింది)